నారింజ నడిచిన దారి

ఇంగ్లీషువారి ‘ఆరెంజి’ మన నోట పడి ‘నారింజ’ అయిందని చాలామంది అనుకుంటారు. మొన్న ఒక మిత్రుడూ అదే అన్నాడు. అసలు సంగతి దీనికి తలక్రిందులు. ఆ మాట ఇక్కడినుంచి వెళ్ళినదే!

సంస్కృతంలో దీని పేరు నారంగం. అదీ ద్రావిడ భాషల్లోంచే వచ్చిందనీ, వాసనను తెలిపే ‘నాఱు’ అనే ధాతువే దానికి మూలమనీ కొందరు పండితుల అభిప్రాయం. తమిళుల నార్తంగాయలో ఆ జాడ కనిపిస్తుంది. మలయాళులు ‘చెఱునారంగ’ అంటే మాత్రం మనం నారింజపండు ఇవ్వకూడదు సుమా! వారు అడిగేది నిమ్మకాయ.

నారంగం పారశీకంలో ‘నారంగ్’ అయింది, అరబ్బుల నోట ‘నారంజ్’ అయింది. పుల్లనారింజను స్పెయిను తోటలకు చేర్చినవారు అరబ్బులే. స్పెయినువారు ‘నరాంహా’ అన్నారు. ఇటలీ చేరేసరికి మొదటి ‘న’కారం రాలిపోయింది. ‘ఒక’ అనే అర్థమిచ్చే వారి ‘ఉన’ అనే మాట ముందు నిలిచి, ఆ నకారాన్ని తనలో కలిపేసుకుంది. అలా ‘అరాంచా’ మిగిలింది. ఫ్రెంచివారి ‘ఒరాంజ్’ను ఇంగ్లీషువారు అందుకున్నారు. ఆ రంగుకు ఇంగ్లీషులో ఈ పేరు 16వ శతాబ్దంలోగాని రాలేదు. పండు ముందు, రంగు తరువాత!

ఇక తియ్యనారింజ కథ వేరు. 15, 16 శతాబ్దాల్లో దాన్ని విరివిగా వ్యాపింపజేసినవారు పోర్చుగీసువారు. అందుకే గ్రీకులు ‘పోర్తోకాలి’ అనీ, అరబ్బులు ‘బుర్తుకాల్’ అనీ పండును ఆ దేశం పేరుతోనే పిలుస్తారు. డచ్చివారు ‘సీనాస్ ఆపెల్’ అంటారు. అంటే చీనా ఆపిల్ అన్నమాట. పండును ఎవరు చేతికిచ్చారో, ఎక్కడిదని చెప్పారో, అదే పేరై కూచుంది.

మన ఇళ్ళలోనూ ఇదే తంతు. కోస్తా జిల్లాల్లో, తెలంగాణాలో బత్తాయి అనే పండును అనంతపురం, కడప వైపున చీనీకాయ అంటారు. నేటి జకార్తాకు డచ్చివారు పెట్టిన పేరు బటేవియా. అదే మనకు బత్తాయి అయిందంటారు. చీనీ అంటే చీనాది.

ఒకసారి మా తరగతిలో అనంతపురం అమ్మాయి ఒకతె ‘చీనీకాయ’ అన్నది. తక్కినవాళ్ళు కిసుక్కున నవ్వారు. పాపం, గంట కొట్టేదాకా ఆ పిల్ల తల ఎత్తలేదు. మర్నాడు పాఠం పక్కన పెట్టి ఈ కథంతా చెప్పాను. “మీరు పండుకు జావా ఊరి పేరు పెట్టుకున్నారు, ఆమె చీనా పేరు పెట్టుకున్నది. ఇందులో నవ్వవలసినవారెవరు?” అన్నాను. ఎవరూ నవ్వలేదు. చివరి బెంచీనుంచి ఒక కుర్రవాడు మాత్రం లేచి, “మా అమ్మమ్మ వేరే పేరు అంటుందండీ, చెప్పమంటారా?” అన్నాడు.

కొత్తకోడలు పుట్టింటి మాట అన్నప్పుడు మన ఇళ్ళలో వినిపించే నవ్వూ ఇలాంటిదే. ఈసారి నవ్వడానికి ముందు ఆ మాట ఎక్కడిదో అడిగి చూడండి. బహుశా అది మన మాటకంటె ఎక్కువ దేశాలు చూసివచ్చిందేమో!