గాలి తూకం తప్పితే రైతు గతేంటి?

ఏటా ఏప్రిల్ రాగానే వాతావరణ శాఖ ఒక లెక్క చెబుతుంది. ఈ నాలుగు నెలల్లో దేశం మొత్తమ్మీద సగటులో ఇన్ని శాతం వాన పడుతుందని. బ్యాంకులకూ, విత్తనాల కంపెనీలకూ ఆ లెక్క చాలు. రెండెకరాల మెట్ట రైతుకు మాత్రం చాలదు. ఆయనకు కావాల్సింది మొత్తం వాన ఎంతని కాదు. వాన ఎప్పుడు ఆగుతుంది, ఆగితే ఎన్నాళ్లు ఆగుతుంది అని.

2023 ఖరీఫ్ చూడండి. జులై ఆఖర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 650 మి.మీ. వాన కురిసింది. ఊళ్లు మునిగాయి. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలోకెల్లా వాన తక్కువైన ఆగస్టు. లోటు 36 శాతం. సీజను ముగిసేసరికి మొత్తం లెక్క 94 శాతానికి చేరింది. కాగితం మీద లోటు ఆరు శాతమే! పూత మీద ఎండిన చేనుకు ఆ 94 శాతం ఏం ఒరగబెడుతుంది?

వాన ముఖం చాటేస్తే దేవుడు అలిగాడంటాం. అసలు సంగతి గాలి తూకంలో ఉంది. ఎండాకాలంలో ఉత్తరాది నేల కాగి అక్కడ గాలి పీడనం పడిపోతుంది. దక్షిణాన హిందూ మహాసముద్రం మీద పీడనం ఎక్కువ. గాలి ఎక్కువ వైపు నుంచి తక్కువ వైపుకు పోవాలి. కానీ భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా పోలేదు. భూమధ్యరేఖ దాటాక కుడికి మళ్లి, సోమాలియా తీరం పక్కగా వంపు తిరిగి, అరేబియా సముద్రం మీదుగా పడమటి గాలై మనకొస్తుంది. దాని పైన 14, 15 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు గాలి ఎదురు పరుగెడుతుంది. ఆ పైగాలి గురించి 1950లలో లోకానికి వివరించింది మన తెలుగువాడే. తర్వాత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా చేసిన పి. కోటేశ్వరం. కిందిగాలి, పైగాలి, పీడనం లాగుడు, భూమి తిప్పుడు, ఈ నాలుగూ సరితూగితేనే రుతుపవనం నిలుస్తుంది.

సరితూగడమంటే కదలకుండా ఉండటం కాదు. బొంగరం తిరుగుతూనే నిలబడుతుంది, నిలబడే ఊగుతుంది. రుతుపవనమూ అంతే. రాజస్థాన్‌లోని గంగానగర్ నుంచి బంగాళాఖాతం దాకా అల్పపీడన ద్రోణి ఒకటి సాగి ఉంటుంది. అది తన చోట ఉన్నన్నాళ్లూ సముద్రంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుట్టి మనకు వానలిస్తాయి. అది ఉత్తరానికి జరిగి హిమాలయాల పాదాలకు చేరిందా, అక్కడ వరదలు, మన మెట్ట చేలల్లో నెర్రెలు. దీన్నే రుతుపవన విరామం అంటారు. ఎల్‌నినో ఏళ్లలో ఇది మరీ సాగుతుంది. 2002లో మామూలు వానలే అని ముందు చెప్పారు. తీరా జులైలో దేశానికి రావాల్సిన వానలో సగమే వచ్చింది. కార్తె తారీఖు మారదు, గాలి తారీఖు మారుతుంది. మృగశిర వచ్చిందని విత్తితే గాలి మన మాట వినదు.

ఈ తూకాన్ని రైతు కొంత తానే పసిగట్టొచ్చు. ఆరుబయట గాలి వచ్చే దిక్కుకు వీపు పెట్టి నిలబడండి. అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. 1857లో బైస్ బాలెట్ అనే డచ్ శాస్త్రవేత్త చెప్పిన సూత్రమిది. ఆషాఢంలో పడమటి గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఉత్తరం చూపిస్తుంది. ద్రోణి ఉన్నది అటే. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య గాలి జోరుగా వీస్తుంటే ఎడమ చెయ్యి ఆగ్నేయం చూపిస్తుంది, అంటే సముద్రం వైపు. వరి కోసి పనల మీద ఉంటే ఆ పూటే తుపాను వార్త కనుక్కోవాలి. సాయంత్రం వీచే సముద్రపు గాలికీ, ఉరుముల వాన ముందొచ్చే ఈదురుగాలికీ ఈ లెక్క పనికిరాదు.

ఇక సర్కారు చేయాల్సింది ఉంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాల అంచనా ఇస్తోంది. అందులో మొదటి రెండు వారాల మాట ఎక్కువ నమ్మదగ్గది. విరామం వచ్చే సూచన అందులోనే దొరుకుతుంది. కానీ ఆ పటాలు, ఆ ఇంగ్లీషు రైతుకు విప్పి చెప్పేదెవరు? ఆ పనికే దేశంలో పెట్టిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లను 2024లో మూసేశారు. ఇది పొదుపు కాదు, రైతు నెత్తిన భారం. మళ్లీ విత్తడానికయ్యే ఖర్చు ముందు ఆ జీతాలెంత? జిల్లాకో నిపుణుడు ఉండాల్సిందే. ప్రతి శుక్రవారం మండల వ్యవసాయాధికారి ఆ అంచనాను తెలుగులో పంచాయతీ బోర్డు మీద, రైతు వేదికలో, రైతు సేవా కేంద్రంలో రాయించాలి. జులై ఆఖరుకల్లా ఉలవ, కంది వంటి ప్రత్యామ్నాయ విత్తనాలు మండలంలో సిద్ధంగా ఉంచాలి. పంట పోయాక ఇండెంటు పెడితే లాభమేంటి?

రైతులూ తమ వంతు చేయాలి. తొలకరి జల్లుకే విత్తనం వేయొద్దు. 60 నుంచి 75 మి.మీ. వాన పడి నేల జానెడు లోతు తడిశాకే విత్తండి. ఒకే పంటను నమ్ముకోక అంతర పంట వేయండి. విరామం పడిందంటే గుంటక తోలి పైమట్టి గుల్ల చేయండి, తడి కొన్నాళ్లు నిలుస్తుంది. పదును లేని నేలలో పైపాటు యూరియా చల్లొద్దు.

గాలి తూకం సరిచేయడం ఎవరి తరమూ కాదు. అది తప్పబోతోందని పది రోజుల ముందు రైతుకు చెప్పడం మాత్రం సర్కారు తరమే. చెప్పగలిగీ చెప్పకపోతే ఆ పంట నష్టాన్ని ప్రకృతి ఖాతాలో రాయడం న్యాయం కాదు.