కడుపు బాధ కల్పన కాదు

“పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. నీదంతా మనసులోని బాధే” అనే మాటను తరచూ కడుపునొప్పి, విరేచనాలతో బాధపడేవారు ఎన్నోసార్లు వింటారు. ఆ మాటను కొట్టివేతగా వాడటం తప్పని మా అభిప్రాయం. మనసుకు, పేగులకు మధ్య నిజమైన బంధం ఉంది. అది బయటపడిన తీరు తెలుసుకోదగినది.

రై అనే ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజులోని పదార్థం నుండి 1938లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్.ఎస్.డి.ని తయారుచేశారు. అది లేనివి ఉన్నట్లు చూపి మనిషిని భ్రమలో పడేస్తుందని 1943లో తెలిసింది.

మరోవైపు ఇటలీలో ఎర్‌స్పామర్ అనే శాస్త్రవేత్త పేగు లోపలి పొరలో కండరాలను ముడుచుకునేలా చేసే పదార్థాన్ని కనుగొన్నారు. అమెరికాలో రక్తం నుండి వేరుచేసిన సెరోటోనిన్, ఇదీ ఒకటేనని 1952లో తేలింది. మరుసటి సంవత్సరమే అది మెదడులోనూ ఉన్నట్లు కనుగొన్నారు. అదే 1953లో ఎడిన్‌బరోలో జాన్ గాడమ్, కండరాలపై సెరోటోనిన్ చేసే పనిని ఎల్.ఎస్.డి. అడ్డుకుంటుందని ప్రకటించారు. మనసును తారుమారు చేసే మందు, పేగులో పుట్టే పదార్థానికి అడ్డుపడుతున్నదన్నమాట!

1957లో గాడమ్, పికరెల్లీ గినీ పంది పేగుపై ప్రయోగాలు చేశారు. సెరోటోనిన్ రెండు రకాల గ్రాహకాల ద్వారా పనిచేస్తుందని, వాటిలో ఒకదానినే ఎల్.ఎస్.డి. అడ్డుకుంటుందని చూపారు. రెండవ రకాన్ని అడ్డుకునే మందే, నేడు క్యాన్సర్ చికిత్సలో వాంతులు ఆపడానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్.

మన శరీరంలోని సెరోటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. మెదడు, పేగులు నరాల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటూనే ఉంటాయి. కాబట్టి దిగులు ఉన్నప్పుడు కడుపు కదలడం నటన కాదు. స్కానింగులో కనబడనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

ఒక హెచ్చరిక. ఎల్.ఎస్.డి. కడుపు జబ్బుకు మందు కాదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దానిని దగ్గర ఉంచుకోవడమే నేరం.

కుటుంబ సభ్యులకు మా మనవి: బాధ చెప్పుకునేవారిని ఎగతాళి చేయకండి. రోగులకు కూడా ఒక మాట: డాక్టరు నిద్ర గురించి, దిగులు గురించి అడిగితే నొచ్చుకోకండి. అది మీ కడుపు గురించి అడగడమే. అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్ర నుండి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు వీటిలో ఏది కనిపించినా మనసు మీదకు నెట్టివేయక వెంటనే పరీక్ష చేయించుకోండి.