యంత్రము చదివెడు వివరణము

సాధనమును నిర్మించినవారు దాని ప్రయోగవిధానమును తెలుపుచు వివరణము వ్రాయుట చిరకాలముగా ఉన్న ఆచారమే. దానిని చదువువాడు మనుష్యుడు. అందు లోపమున్నచో అనుభవముచేత పూరించుకొనును. సందేహము కలిగినచో తోడివారి నడుగును. నేడు ఆ పాఠకుని స్థానమున కృత్రిమ మేధా ఏజెంట్ నిలిచినది. రౌటర్లు, స్విచ్‌లు మొదలగు నెట్‌వర్క్ ఉపకరణములను నిర్వహించు సాధనములు దాని వశమగుచున్నవి. ఇట్టి సాధనముల వివరణము కేవలము సాంకేతికుల పని యని భాషావేత్తలు ఉపేక్షించుట తగదు.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను నియమావళి ననుసరించి సాధనమునకు ఒక పేరు, ఒక వివరణము, దాని కందింపవలసిన అంశముల పట్టిక ఉండును. సాధనము లోపలి ప్రోగ్రామును ఏజెంట్ సాధారణముగా చూడదు. ఏ సాధనమును ఎప్పుడు పిలువవలెనో ఆ కొలది వాక్యములను చదివియే నిర్ణయించుకొనును. కావున ఈ వివరణమునకు టీకాస్థానము గాక సూత్రస్థానమే లభించినది.

ఒక్క ఉదాహరణము చాలును. ఒకే నెట్‌వర్క్‌ను వేరువేరు భాగములుగా విభజించు ఏర్పాటునకు విలాన్ అని పేరు. పెక్కు విలాన్‌ల సమాచారమును మోయు మార్గము ట్రంక్. సిస్కో స్విచ్‌లలో “స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ విలాన్ 30” అని ఆజ్ఞ యిచ్చినచో ఆ మార్గమున పూర్వమున్న జాబితా యంతయు పోయి 30 ఒక్కటియే మిగులును. సంఖ్యకు ముందు “యాడ్” అను మాట యున్నచో పాతవాటితో 30 కూడ చేరును. ఆ ఒక్క పదము లోపించినందువలన ఆ మార్గముపై ఆధారపడిన తక్కిన విభాగములకు సంబంధము తెగిపోవును. అనుభవజ్ఞుడు ఈ భేదము నెరుగును. కాని సాధన వివరణమున “విలాన్‌ను అమర్చును” అని మాత్రమే వ్రాసినచో, చేర్చుటయా, పాతదానిని తొలగించి నిలుపుటయా యను విషయము ఏజెంట్‌కు తెలియు మార్గము లేదు. క్రియాపదమును ఎన్నుకొనుటలోనే నెట్‌వర్క్ క్షేమము ఇమిడియున్నది.

రక్షణ యంత్రమునందే ఉండవలెను గాని భాషపై ఆధారపడరాదని కొందరందురు. ఇందు సత్యము లేకపోలేదు. 2011 నాటి నెట్‌కాన్ఫ్ ప్రమాణమగు ఆర్‌ఎఫ్‌సి 6241లో ఒక సదుపాయము కలదు: చేసిన మార్పునకు నిర్ణీత కాలమున, వేరుగా చెప్పనిచో 600 సెకన్లలో, రెండవ ధ్రువీకరణము అందనియెడల ఉపకరణము పూర్వస్థితికి మరలును. అయినను ఆ ధ్రువీకరణమును పంపవలెనని వివరణము చెప్పనిచో ఏజెంట్ పని ముగిసినదని నివేదింపవచ్చును. పది నిమిషములకు ఆ మార్పు రద్దగును. యంత్రము కల్పించిన రక్షణకు సైతము భాషయే ద్వారము.

శాస్త్రవాక్యమునకు అర్థనియతి కల్పించుట భారతీయ పండితులకు క్రొత్త కాదు. మీమాంసకులు విధిని, నిషేధమును, అర్థవాదమును వేరుపరచిరి. చిన్నయసూరి బాలవ్యాకరణము సంజ్ఞా పరిచ్ఛేదముతో ఆరంభమగును. కార్యము వైకల్పికమో, బహుళమో సందర్భానుసారముగా తెలుపును. ఇంటర్నెట్ ప్రమాణకర్తలును 1997లో ఆర్‌ఎఫ్‌సి 2119 ద్వారా తప్పనిసరిని, ఉచితమును, ఐచ్ఛికమును తెలుపు ఆంగ్లపదములకు అర్థములను నిర్ణయించిరి.

భారతీయ భాషలలో ఇట్టి వివరణములు వ్రాయునపుడు ఆ నిర్ణయమును మక్కికి మక్కిగా అనువదించినచో ప్రయోజనము సిద్ధింపదు. “మీరు వెళ్ళవచ్చును” అనునది అనుమతి. “వాన రావచ్చును” అనునది సంభావన. తెలుగున రెంటికిని రూపమొక్కటే. కర్తృపదమును లోపింపజేయుట మన వాక్యములకు సహజము. “మార్పు పిమ్మట రౌటర్‌ను పునఃప్రారంభింపవచ్చును” అని హెచ్చరికగా వ్రాసిన వాక్యమును ఏజెంట్ అనుమతిగా గ్రహించినచో దోషము ఎవరిది? పాఠకునిది కాదు, లేఖకునిదే.

కావున విశ్వవిద్యాలయ భాషాశాఖలు సాంకేతికులతో కూడి చిన్న పరిభాష నొకదానిని సిద్ధపరచుట యుక్తము. విధికి “వలెను”, నిషేధమునకు “రాదు”, అనుమతికి “అనుమతి కలదు”, సంభావనకు “సంభవము కలదు” అని రూపములను వేరుపరుపవచ్చును. చూచుట, చేర్చుట, మార్చుట, తొలగించుట అను క్రియలను ఒకదానికి బదులు మరియొకటి వాడరాదు. ప్రతి వివరణమును కార్యమును, ఫలమును, విఫలమైనచో మరలు మార్గమును చెప్పవలెను. సూత్రరచనయందు ఒక్క అక్షరము వ్యర్థము కాకుండునట్లు శ్రమించిన సంప్రదాయమునకు వారసులైనవారు ఈ పనిని ఇతరులకు విడుచుట న్యాయము కాదు.