తీర్పులో సగమే చదివాం

రమ్మీ జూదం కాదని ఈ దేశంలో ఎవరు వాదించినా ముందుగా ఎత్తేది మన రాష్ట్రం పేరే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసు అది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1968 తీర్పు అంటే చాలు, లాయర్లకు తెలిసిపోతుంది. మూడు ముక్కలాటలా రమ్మీ ఒట్టి అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటే అంది కోర్టు. మనకు అంతవరకు చాలనిపించింది. పెళ్లి విడిదిలో, సంక్రాంతి సెలవుల్లో, టౌన్ క్లబ్బులో దుప్పటి పరుచుకుని కూర్చునే మనకు ఢిల్లీ నుంచి సర్టిఫికెట్ వచ్చినట్టయింది.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆట మీద ఇంటి యజమానిగానీ క్లబ్బుగానీ లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం నిలబడొచ్చు అని. ఆ క్లబ్బు తీసుకున్నవి కూర్చున్నందుకు రుసుము, పేకలకయ్యే ఖర్చు లాంటివి కనుక వాటిని లాభం కింద లెక్కవేయలేదు. ఈ రెండో మాటను మనం, అంటే చదువుకున్నవాళ్లం, పత్రికల్లో రాసేవాళ్లం, వకీళ్లం, క్లబ్బు మెంబర్లం, పైకి చదవనేలేదు. ఫోన్‌లోకి రమ్మీ వచ్చాక చదవాల్సింది దాన్నే.

ఫోన్‌లో ఒక డీలు ఎలా నడిచేదంటే, పాయింటుకు రూపాయి బల్ల, ఇద్దరే ఆటగాళ్లు అనుకోండి. ఫుల్ కౌంట్ 80 కనుక ఖాతాలో కనీసం 80 రూపాయలు లేనిదే కూర్చోనిచ్చేవారు కాదు. పదమూడు ముక్కలూ వాటంతటవే పడి, రంగులవారీగా సర్దుకుంటాయి. ఇస్పేటు రాజు, రాణి ఉన్నాయి. కళావరు ఆసు ఒంటరి. ఆఠీను తొమ్మిది, నాలుగు ఒకదానికొకటి అతకవు. జోకర్ లేదు. జత కుదిరేలా కనిపిస్తున్నది ఆ ఇస్పేట్లే. జాకీగానీ ఆసుగానీ వస్తే లైఫ్, అంటే జోకర్ లేని వరుస, పడుతుంది, లేకపోతే లేదు. పాతకాపు అయితే ముక్క ముట్టుకోకుండానే స్కూట్ చెప్పి తప్పుకుంటాడు, 20 పాయింట్లతో పోతుంది. ఒక ముక్క తీసి చూశాక మానుకుంటే 40. లైఫ్ పడకముందే అవతలివాడు షో చేస్తే చేతిలో ఉన్నవన్నీ లెక్కకొస్తాయి. ఆసు, బొమ్మలు తలా పది. 80 దగ్గర గానీ ఆగదు. ఇంత ఆలోచనకూ ఇచ్చేది కొన్ని సెకన్లు. తెర మీద గడియారం తరిగిపోతూ ఉంటుంది. ఇరవై రూపాయలు ఊరికే పారేసుకోవడమా అని మనసు పీకుతుంది, వేలు ముక్క మీద పడుతుంది.

దుప్పటి మీది ఆటలో ముక్కలు కలిపేవాడు ఉండేవాడు. టీ వచ్చేది, ఒకడు సిగరెట్టుకు లేచేవాడు, లోపల్నుంచి అన్నానికి కేకేసేవారు. ఆ విరామాల్లోనే బుద్ధి ఇంటికి తిరిగొచ్చేది. యాప్‌లో అవేం ఉండేవి కావు. ఒక డీలు ముగిసీ ముగియకముందే ఇంకోటి సిద్ధం.

ఇక కోత సంగతి. గెలిచినవాడికి వచ్చేదాంట్లో కంపెనీ పదోవంతు తీసుకునేదనుకుందాం. ఇద్దరూ సరిజోడు ఆటగాళ్లు, వంద డీళ్లు ఆడి చెరో యాభై గెలిచారు, ఓడినప్పుడల్లా 60 పాయింట్లు పోయాయి. ఒక్కొక్కరు పోగొట్టుకున్నది 3,000. గెలిచి తెచ్చుకున్నది 2,700. నైపుణ్యం సమానమైనా ఇద్దరి జేబులోనూ చెరో 300 తరుగు, ఆ 600 కంపెనీది. ఒకడు కాస్త మొరటు ఆటగాడైతే వాడి సొమ్ము రెండోవాడికీ కంపెనీకీ పోతుంది. పోకర్‌లోనూ ఇదే తంతు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అయిదు తెరుచుకుంటూ, నాలుగు విడతల పందెం. కుండలో పడ్డ మొత్తంలోంచి బల్ల పెట్టినవాడి వాటా ముందే పోతుంది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు దాన్ని గణితమన్నారు, మనం తల ఊపాం.

కుర్చీ రుసుము ఎక్కడ, ప్రతి గెలుపు మీదా పడే ఈ కోత ఎక్కడ? దీన్ని కోర్టులు తర్వాత ఎలా చూశాయన్నది వేరే చర్చ. అడగాల్సింది మనం. అడగలేదు. ఎందుకంటే అడిగితే ‘నైపుణ్యం’ అన్న మాట మన దుప్పటి మీద నుంచి కూడా జారిపోతుంది.

పైగా ఆ మాటను అమ్మిపెట్టాం. క్రికెట్ మధ్యలో, యూట్యూబ్ పాటకు ముందు వచ్చిన ప్రకటనలు చక్కటి తెలుగులో మాట్లాడాయి. ఆ తెలుగు ఎవరు రాశారు? మనవాళ్లే. గొంతిచ్చింది మనవాళ్లే. అలవాటుగా మారే ప్రమాదం ఉందన్న హెచ్చరిక ప్రకటన స్థలంలో ఐదోవంతుకు తగ్గకూడదని 2020 డిసెంబరు నుంచి మార్గదర్శకాలు వస్తే, టీవీలో దాన్ని ఊపిరి తీసుకోకుండా గబగబా చదివేసిందీ మనవాళ్లే. ఇంగ్లిషు మీడియం పిల్లలకు తెలుగు రావడం లేదని సభలు పెట్టే మనకు, ఇంత సరళమైన తెలుగు ఏ పనికి వాడుతున్నారో పట్టలేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. వార్తలు రాసేసి చేతులు దులుపుకున్నాం. మీ రాష్ట్రంలో ఈ ఆట లేదు అని యాప్ చెబితే, లొకేషన్ మార్చే ఇంకో యాప్ పెట్టుకోవడం హాస్టల్ కుర్రాడికి అయిదు నిమిషాల పనిగా ఉండేది. బెంగళూరులో ఉద్యోగం చేసేవాడికి ఆ శ్రమ కూడా ఉండేది కాదు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపుల మీద హైదరాబాద్‌లో కేసులు, అరెస్టులు జరిగినప్పుడు వడ్డీ గురించి రాశాం, బెదిరింపుల గురించి రాశాం. ఆ అప్పులు దేనికి చేస్తున్నారని ఇల్లిల్లూ తిరిగి అడిగే ఓపిక చూపించినవాళ్లు తక్కువ. 2023 అక్టోబరు నుంచి ఆటగాడు వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పెట్టారు. పన్ను కలుపుకుని నూరు వేస్తే 21 రూపాయల 88 పైసలు పన్ను కిందే పోయేది. దాన్ని కంపెనీల మీద పడ్డ దెబ్బగా రాశామే గానీ, ప్రభుత్వానికీ వాటా పెరిగిందని రాయడానికి కలం కదల్లేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనే పక్కనపెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఏటా 45 కోట్లమంది 20,000 కోట్ల దాకా పోగొట్టుకుంటున్నారన్నది కేంద్రం చెప్పిన అంచనా. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, ప్రకటనలకు రెండేళ్ల వరకు. ఆడినవాడికి శిక్ష లేదు. చట్టం వాడిని బాధితుడిగా చూసింది. మనం మాత్రం ఇప్పటికీ ‘వాడికి బుద్ధుండద్దా’ అనే అంటున్నాం. పరామర్శకు వెళ్లి కూడా గుమ్మం దాటగానే అంటాం. గెలిచినన్నాళ్లూ వాడి బుర్రను మెచ్చుకుని పార్టీ అడిగిన నోళ్లే ఇవి.

యాప్‌లలో డబ్బు బల్లలు మూతపడ్డాయి గానీ, వాటి కోసం చేసిన బాకీలు మూతపడలేదు. ముందే పాడేసుకున్న చిట్టీకి నెలనెలా కడుతూనే ఉండాలి. బంగారం బ్యాంకులో ఉంది, నోటీసు ఇంటికొస్తోంది. చట్టం వచ్చిన వారం మనం రాసింది కంపెనీల భవిష్యత్తు గురించి, పోయే ఉద్యోగాల గురించి, క్రికెట్ జట్టుకు కొత్త స్పాన్సర్ ఎవరన్న దాని గురించి. ఆ చిట్టీ వాయిదాలు ఎవరు కడుతున్నారని మాత్రం అడగలేదు. చాలా ఇళ్లలో కడుతున్నది ఆడినవాడు కాదు, వాడి భార్యో తల్లో. ఆమె పేరు ఏ వార్తలోనూ మనం రాయలేదు.