అచ్చేసిన అద్దంలో ముఖం కనబడదు

ఫిబ్రవరి 15 సేవాలాల్ మహరాజ్ జయంతి. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆ రోజుల్లో మాచర్లలో, గురజాలలో, నరసరావుపేటలో మన పిల్లలు ఒకే రంగు టీషర్టులు వేసుకుని ఊరేగింపుకు వస్తారు. చూడముచ్చటే. కానీ వాటి మీది బొమ్మ ఎవరు గీశారు? అచ్చు డబ్బు ఎవరికి పోయింది? ఈ రెండు ప్రశ్నలు మనం అడగడం లేదు.

అడగకపోబట్టే 'లంబాడీ డిజైన్' పేరుతో సూది తగలని చీరలు, సంచులు బజారుకొచ్చాయి. మన కుట్టును ఫోటో తీసి, కాగితం మీద ముద్రించి, సుమారు 200 డిగ్రీల వేడిలో పాలిస్టర్ గుడ్డకు ఒత్తుతారు. దీన్ని సబ్లిమేషన్ అంటారు. రంగు ఆవిరై దారంలోకి దిగుతుంది. నిమిషంలోపు పని అయిపోతుంది. యాడి కళ్లు నొప్పిపుట్టేలా కాంచళికి కుట్టిన అద్దం అక్కడ బూడిద రంగు మచ్చ. అందులో ఎవరి ముఖమూ కనబడదు.

"కుట్టేవాళ్లు కుట్టుకుంటారు, అచ్చుతో నష్టమేంటి?" అనేవాళ్లు పెడన, మచిలీపట్నం వైపు చూడాలి. చెక్క అచ్చులతో అద్దే కలంకారీని స్క్రీన్ ప్రింటు నకళ్లు చవక ధరతో దెబ్బతీశాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఆ గుర్తింపు కాపాడేది పేరును. బొమ్మను పేరు మార్చి అమ్మేవాణ్ణి అది ఆపలేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కొత్త డిజైన్లకే. తాతమ్మల నాటి కుట్టు ఆ చట్టానికి కొత్తది కాదు.

మరి దారి లేదా? కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపి జి-20 సమావేశాల్లో అక్కడి 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువులు గిన్నిస్ రికార్డుకెక్కాయి. వాళ్లు ఒంటరిగా కుట్టలేదు. సండూరు కుశల కళా కేంద్రం కింద ఒక్కటిగా పనిచేశారు. మన తండాల్లో అలాంటి సంఘం ఎందుకు ఉండకూడదు?

అచ్చు యంత్రం మీద మాకు కోపం లేదు. యువకులు స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకోవాలి. ఒక ఫ్రేము, దానికి బిగించిన జాలీ గుడ్డ, వెలుతురుకు గట్టిపడే పూత, రంగు, దాన్ని లాగే రబ్బరు పట్టీ ఉంటే చాలు. ఒక్క రంగు బొమ్మకు ఒక్క స్క్రీను. నూలు బట్టకు బాగా పడుతుంది. జయంతి టీషర్టులు తండాలోనే అచ్చేసుకోవచ్చు. మన మాట, మన గీత, మన కొండ అచ్చేద్దాం. కుట్టును మాత్రం సూదికే వదిలేద్దాం.

ఉపాధ్యాయులకో మాట. పిల్లల చేత ఇంట్లోని ఫేటియా మీది కుట్లు నోటుపుస్తకంలో గీయించండి. పక్కన కుట్టు పేరు, కుట్టినామె పేరు, తండా పేరు రాయించండి. రేపు ఎవడైనా "ఇది నా డిజైన్" అంటే ఆ పుస్తకం మన సాక్ష్యం. యాడి పేరు చెరిపేసిన బొమ్మను మనం డబ్బిచ్చి కొనం, ఒంటి మీద వేసుకోం.