పైపు పక్కనే, నీళ్లు మాత్రం దూరం

గడ్డిఅన్నారంలో సామాన్యుడు ఇల్లు కట్టుకునే జాగా ఇక మిగల్లేదు. అక్కడ అద్దెకుంటున్న మన సంఘాల కుటుంబాలు ఇప్పుడు హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్, తుర్కయాంజాల్ వైపు ప్లాట్లు కొంటున్నాయి. నీళ్ల సంగతేమిటని అడిగితే ఏజెంట్ల దగ్గర ఒకటే జవాబు: 'కృష్ణా లైను ఇటే పోతోందండీ.' ఆ ఒక్క మాటను నమ్మి పొదుపంతా పెట్టినవారు మన మధ్య తక్కువేమీ కాదు.

ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. నాగార్జునసాగర్ నీటిని కోదండాపూర్‌లో శుద్ధి చేసి నగరానికి తెచ్చే పథకం 2004, 2008, 2015లలో మూడు దశలుగా వచ్చింది. ఒక్కో దశ సామర్థ్యం రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. ఆ నీళ్లు వచ్చి చేరేది కూడా ఎల్బీనగర్ పక్కనున్న సాహెబ్‌నగర్‌కే. అయినా నగరానికి ఈ తూర్పు గుమ్మంలోనే కాలనీలు ఏళ్ల తరబడి ట్యాంకర్ల కోసం ఎదురుచూశాయి. గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీలు 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి. బోర్డు మీద పేరు ఒక్కరోజులో మారింది గాని, నల్లా అంత త్వరగా రాలేదు.

కారణం సులువైనదే. దూరం నుంచి ఒత్తిడితో వచ్చే పెద్ద లైనుకు మధ్యలో ఎవరి లేఅవుటుకు వారు నల్లా పెట్టుకోలేరు. నీళ్లు ముందు రిజర్వాయరు ఎక్కాలి, అక్కడి నుంచి పంపిణీ లైను మన వీధిదాకా రావాలి. కాబట్టి అడగవలసింది లైను ఎటు పోతోందని కాదు. మన లేఅవుటుకు ఏ రిజర్వాయరు, దానిలో మనకు చాలినంత నీళ్లున్నాయా, ప్లాట్లన్నీ ఇళ్లయ్యాక కూడా ఆ పైపు సరిపోతుందా, రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చు ఎవరిది? జలమండలి నుంచి వీటికి కాగితం మీద జవాబు తెచ్చుకోవాలి.

బేరానికి ఒక సమయం ఉంది. హెచ్‌ఎండీఏ అనుమతించే లేఅవుట్లలో వసతులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు సంస్థ దగ్గర తాకట్టులో ఉంటాయి. డెవలపర్ మన మాట వినేది అవి విడుదలయ్యేవరకే. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తడు. అనుమతిలేని లేఅవుట్లో కొన్నవారికి ఈ పట్టు కూడా లేదు. 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ కింద రుసుము కట్టి క్రమబద్ధీకరించుకున్నా పైపు దానంతటది రాదు.

ఇస్సాకు సేవకులు తవ్విన బావుల దగ్గర గెరారు కాపరులు జగడమాడిన సంగతి మనకు తెలుసు. మన కాలనీల్లో జగడం లైను వచ్చాక మొదలవుతుంది. ముందు వీధివారు మోటారు బిగిస్తారు, చివరి వీధి నల్లాలో గాలి వస్తుంది. ఆ చివర ఉండేది సాధారణంగా చిన్న ప్లాటువారు, అద్దెకున్నవారు. దరఖాస్తు పట్టుకుని వెళ్లే కాలనీ సంఘంలో వారి సంతకాలు ఉండవు, సమావేశానికి వారిని పిలవరు. ఈ వారం మీ కాలనీలో అలాంటి దరఖాస్తు తిరుగుతుంటే, సంతకం పెట్టేముందు చివరి వీధి ఇళ్లు అందులో ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఆ కాగితం తీసుకుని ముందు ఆ వీధికే వెళ్లండి.