కాలువ ఆవలి ఊళ్లు

వాకాడు స్వర్ణముఖి యొడ్డున, సముద్రమునకు చేరువనున్న యూరు. చంద్రగిరి కొండల ప్రాంతమున పుట్టి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వచ్చిన నది ఇచ్చటికి కొంచెము దూరమున బంగాళాఖాతమున కలియును. వేసవిలో దానినిండ ఇసుక, కార్తీక మార్గశిరములలో వరద. తరతరాలుగా నెల్లూరు సీమలోనిదైన యీ మండలమును 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేర్చిరి. జిల్లా పేరు మారినంత మాత్రమున నేల తీరు మారదు గదా! ఊరినుండి తూర్పుగా పోయినచో మొదట బకింగ్‌హాం కాలువ, దాని కావల ఇసుక దిబ్బలు, ఆ పైని సముద్రము. కాలువకును కడలికిని నడుమ చిక్కిన సన్నని నేలమీద పట్టపువారి పాళెములును, యానాదుల గుడిసెలును ఉన్నవి. తీరప్రాంతపు రాకపోకలను గూర్చి మాటాడువారు మొట్టమొదట చూడవలసినది ఆ నేలను. చిట్టచివరకైనను చూచినవారు తక్కువ.

కాలువ చరిత్ర చిన్నది కాదు. 1806లో మద్రాసునుండి ఎన్నూరు వరకు ఒక చిన్న కాలువను త్రవ్విరి. అది క్రమముగా ఉత్తరమునకు సాగి, పులికాటు సరస్సును దాటి, మద్రాసునకు 315 కిలోమీటర్ల దూరమునగల పెదగంజాము వరకు వచ్చెను. ధాత కరవు కాలమున పొట్టకూటికై వచ్చిన జనముచేత మద్రాసు నగరములో కూవము, అడయారు నదులను కలిపించిరి. 1878లో నాటి గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి స్థిరపడెను. ఉప్పునీటి కాలువ, సముద్రపు పోటుపాటులతో నీరు పెరుగును, తరుగును. గాలి అనుకూలించినప్పుడు తెరచాప, లేనప్పుడు గెడ, అదియు చాలనప్పుడు గట్టు వెంబడి మోకు లాగు మనుష్యులు. ఉప్పు, ధాన్యము, కట్టెలు ఈ దారిని మద్రాసు చేరుచుండెను. శ్రీహరికోట అడవిలోని కట్టెలతో పట్టణపు పొయ్యిలు మండినవి. ఆ అడవిలో కూలిపని చేసినది యానాదులు.

1899 నాటికి బెజవాడ మద్రాసుల నడుమ రైలుమార్గము పూర్తియయ్యెను. అది గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేటల మీదుగా, తీరమునకు దూరముగా పోయినది. సరకు మెల్లమెల్లగా రైలునకు, పిమ్మట లారీలకు మరలెను. 1965-66లోను, 1976లోను వచ్చిన తుపానులు కాలువ గట్లను చెరచెను. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు మాత్రము పాత కాలువ కొంత నీటిని తనలోనికి తీసికొని ఆవలి యూళ్లను కాచినది. ఆ మేలును మరువరాదు. 2008లో కాలువను 4వ జాతీయ జలమార్గములో భాగముగా ప్రకటించిరి. ఈ తీరమున పడవల బారులు మరల కనబడలేదు.

పడవలు పోయినవి, కాలువ నిలిచినది. పొడుగునా పోవువారికి ఒకనాడది రాజమార్గము. అడ్డముగా దాటవలసినవారికి అది యేనాడును అగడ్తయే. వంతెన చేరువనున్న పల్లె అదృష్టము వేరు. రెండు వంతెనల నడుమ పడిన గుడిసెలవారు బియ్యమునకు, బడికి, ఆసుపత్రికి చుట్టు తిరిగి పోవలెను, లేదా నీటిలో దిగవలెను. ప్రసవవేదన పడు స్త్రీకి ఆ చుట్టుదారి యెంత పొడవో ఏ కొలత బద్దయు చెప్పజాలదు.

దక్షిణమున శ్రీహరికోటను చూడుడు. 1969లో రాకెట్టు కేంద్రమునకై ఆ ద్వీపమును ఎంపిక చేసిరి. 1971 అక్టోబరులో తొలి రాకెట్టు ఎగిరెను. సూళ్లూరుపేట నుండి సరస్సు నడుమ కట్ట పోసి చక్కని రోడ్డు వేసిరి. దేశమునకు కీర్తి తెచ్చిన రోడ్డది. దానిని ఎవరును తప్పుపట్టరు. కాని యెన్నో తరములుగా ద్వీపమున బ్రతికిన యానాది కుటుంబములు ఆ కేంద్రమునకు చోటిచ్చి తరలవలసి వచ్చెను. కట్ట వలన సరస్సు నీటి కదలిక మందగించెనని పరిశీలకులు చెప్పుదురు. అదే సరస్సులోని ఇరకము దీవివారికి తరతరాలుగా పడవయే బండి. వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల సేవలో జీవితము గడిపి, 1962లో వారిని గూర్చి ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి. 1973లో వారికి పద్మభూషణ బిరుదము వచ్చెను. బిరుదము వచ్చినంత వేగముగా గుడిసెలకు దారులు రాలేదు.

ఇది మన తీరమునకే పరిమితమైన కథ కాదు. కెనడాలో షోల్ లేక్ 40 అను ఆదివాసుల పల్లె యొకటి కలదు. విన్నిపెగ్ నగరమునకు మంచినీరు కొనిపోవుటకై 1919 నాటికి పెద్ద కాలువ నిర్మించిరి. ఆ పనిలో త్రవ్విన పాయ ఆదివాసుల నేలను తెగకోసి దీవిగా మార్చెను. వేసవిలో బల్లకట్టు, చలికాలమున గడ్డకట్టిన నీటిమీద నడక. పలుచని మంచు విరిగినచో ప్రాణమునకే ముప్పు. నూరేండ్లకు, అనగా 2019లో, 24 కిలోమీటర్ల రోడ్డు వేసిరి. దానికి వారు పెట్టుకొన్న పేరు స్వేచ్ఛామార్గము. నగరము నిక్షేపముగా ఆ సరస్సు నీరు త్రాగుచుండగా, గట్టుననున్నవారు 2021 వరకు 24 ఏండ్లు నీటిని కాచి త్రాగవలసి వచ్చెను. సంపన్న దేశమునందే యిట్లున్నది!

వాకాడు మండలమునకు పెద్ద ఆలోచనల కొరత లేదు. దుగరాజపట్నమున 1620ల నాడే ఇంగ్లీషు కంపెనీవారు వర్తకశాల పెట్టి, మద్రాసు దొరకగానే విడిచిపోయిరి. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము అచ్చటనే పెద్ద నౌకాశ్రయము కట్టుదుమనియు, మొదటి దశ 2018 చివరకు పూర్తియగుననియు వ్రాసికొనెను. ఆ గడువు గడచిపోయెను గాని రేవు లేవలేదు. రేవు వచ్చినను, కాలువలో మరల పడవలు తిరిగినను సంతోషమే. అయితే ఆ అంచనా కాగితములలో మొదటి పద్దు కాలువను దాటు చిన్న వంతెనలకు, గుడిసెల వరకు పోవు బాటలకు ఉండవలెను. మిగిలిన సొమ్ముతో పిదప చూతమనుట కూడదు. మిగులునది ఎన్నడును లేదు.

ఎచ్చట వంతెన కావలెనో తెలిసికొనుటకు పట్టణమునుండి నిపుణులు రానక్కరలేదు. తీరపు బడులలోని ఉపాధ్యాయుల యొద్ద హాజరు పట్టీలున్నవి. కార్తీకపు వానలలో ఏ పల్లె పిల్లలు ఎన్ని దినములు రాలేదో వానినుండి తీయవచ్చును. పై తరగతుల విద్యార్థులు తమ తోడి పిల్లలు దాటు చోట్లను, అచ్చటి నీటి లోతును భూగోళపు పాఠమున భాగముగా పటముమీద గుర్తింపగలరు. అట్టి పటము నొకదానిని పంచాయతీకిని, కలెక్టరుకును ఈ వానకాలము ముగియులోపల పంపవచ్చును.